సొంత జాగాలో ఇల్లా, కాలనీ స్థలమా, టిడ్కో ఫ్లాటా? విజయనగరం, శ్రీకాకుళం కుటుంబాలకు ఒక పోలిక

ఇల్లు లేని కుటుంబం సచివాలయం మెట్లెక్కినప్పుడు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ఏ పథకంలో డబ్బు ఎక్కువ వస్తుంది? విజయనగరంలో ఇరుగుపొరుగు వారికి దరఖాస్తులు రాసిపెట్టడం అలవాటైన నాకు ఈ ప్రశ్న ఎన్నిసార్లు ఎదురైందో లెక్కలేదు. జవాబు చెప్పే ముందు నేను రెండు ఎదురు ప్రశ్నలు వేస్తాను. మీరు ఇప్పుడు ఉంటున్న జాగా ఎవరి పేరున ఉంది? ఇంట్లో సంపాదించే మనిషి పొద్దున్నే ఎక్కడికి వెళ్లాలి? ఈ రెండింటికీ జవాబు తేలితే పథకం దానంతట అదే తేలుతుంది. సాయం మొత్తం ఒక్కటే చూసుకుని ఎంచుకున్న వారిలో కొందరు పునాది దగ్గర ఆగిపోవడం, మరికొందరు ఇల్లు పూర్తయ్యాక కూడా దానికి తాళం వేసి పట్టణంలో అద్దెకు ఉండటం నేను చూశాను.

ఈ రెండు జిల్లాల పేద కుటుంబానికి ప్రభుత్వ సొమ్ముతో తెరుచుకునే దారులు ప్రధానంగా నాలుగు. సొంత జాగాలో సాయం తీసుకుని కట్టుకోవచ్చు. ప్రభుత్వ లేఅవుట్‌లో స్థలం తీసుకుని అక్కడ కట్టుకోవచ్చు. పట్టణంలో టిడ్కో, అంటే పట్టణ పేదలకు ఇళ్లు కట్టే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, కట్టిన ఫ్లాటు తీసుకోవచ్చు. వడ్డీ రాయితీ మీద బ్యాంకు రుణానికి వెళ్లవచ్చు. ఈ నాలుగూ అందని మనుషులు కూడా ఉన్నారు. వారి సంగతి చివర చెబుతాను.

కాళ్ల కింద సొంత నేల ఉన్నవారికి

ఊళ్లో తాతల నాటి పూరింటి జాగా సెంటున్నరో రెండు సెంట్లో ఉన్నా సరే, నా సలహా దాదాపు ఎప్పుడూ అక్కడే కట్టుకోమని. ఆ జాగాకు దారి ఉంది, కరెంటు స్తంభం ఉంది, బోరింగు ఉంది, అవసరానికి పిల్లను చూసే పొరుగింటి అత్తమ్మ ఉంది. వీటిలో ఏ ఒక్కదానికీ పథకం లెక్కల్లో విలువ కట్టరు కానీ, కొత్త చోటికి వెళితే అన్నింటికీ మనమే చెల్లించుకోవాలి.

గ్రామాల్లో ఈ సాయం ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద వస్తుంది. 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజననే 2016లో ఈ పేరుతో మార్చారు. మైదాన ప్రాంతంలో ఇంటికి 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతాల్లో 1,30,000 రూపాయలు ఇస్తారు. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. వంటకు కేటాయించిన చోటుతో కలిపి ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 269 చదరపు అడుగులు ఉండాలి. దీనికి తోడు పథకం నిబంధనల్లో ఇంటి పనికి 90 రోజుల ఉపాధి హామీ వేతనం, మరుగుదొడ్డికి 12,000 రూపాయలు ఉన్నాయి. 2025-26లో మన రాష్ట్రపు ఉపాధి కూలి 307 రూపాయలు ఉండేది; ఆ లెక్కన 90 రోజులకు 27,630 రూపాయలు అవుతుంది. మూడూ కలిపితే 1,59,630 రూపాయలు. చాలామంది మొదటి అంకెను మాత్రమే గుర్తుపెట్టుకుని మిగతా రెండింటినీ అడగరు.

పట్టణాల్లో 2024 సెప్టెంబరు 1 నుంచి ఆవాస్ యోజన అర్బన్ రెండో దశ నడుస్తోంది. ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకుండా, గత 20 ఏళ్లలో ఏ గృహ పథకం లబ్ధీ పొందని కుటుంబానికి సొంత స్థలంలో కట్టుకోవడానికి కేంద్రం 1,50,000 రూపాయలు, రాష్ట్రం కనీసం 1,00,000 రూపాయలు ఇస్తాయి. ఇక్కడే మన జిల్లాల వారు గమనించవలసిన మెలిక ఒకటి ఉంది. మొదటి దశలో శ్రీకాకుళం పట్టణాభివృద్ధి సంస్థ, బొబ్బిలి పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి వచ్చిన పల్లెల్లో కూడా పట్టణ పథకం కిందే ఇళ్లు మంజూరయ్యాయి. చూడటానికి పొలాల మధ్య ఉన్న పల్లె అయినా కాగితంలో పట్టణం లెక్కలో ఉండవచ్చు. కాబట్టి మీ ఊరు ఏ పరిధిలో ఉందో ముందు హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారిని అడిగి, ఆ తర్వాతే ఏ దరఖాస్తు పెట్టాలో నిర్ణయించుకోవడం మేలు.

సాయం ఎంత వచ్చినా ఇల్లు అంతలో పూర్తి కాదన్నది మొదటే ఒప్పుకోవాలి. చదరపు అడుగుకు 1,500 రూపాయల చొప్పున తక్కువలో తక్కువ వేసుకున్నా, 340 చదరపు అడుగుల శ్లాబు ఇంటికి 5,10,000 రూపాయలు అవుతుంది. పట్టణంలో 2,50,000 వచ్చినా మిగతా 2,60,000 మనదే. పల్లెలో 1,59,630 వచ్చే ఇంటిని 269 అడుగులకే పరిమితం చేస్తే ఖర్చు 4,03,500, మన చేతిది 2,43,870. ఈ లోటు ఎక్కడి నుంచి వస్తుందో కాగితం మీద రాసుకోకుండా పలుగు పట్టవద్దు. పొదుపు సంఘం సభ్యులకు గత విడత కాలనీ ఇళ్లకు పావలా వడ్డీకి 35,000 రూపాయల బ్యాంకు రుణం ఇప్పించారు. అలాంటి వెసులుబాటు ఏదైనా ఉంటే ముందు దాన్ని వాడుకుని, నూటికి మూడు రూపాయల వడ్డీ వ్యాపారి గుమ్మానికి చివరగా వెళ్లాలి, వీలైతే అసలు వెళ్లకూడదు.

మరో సంగతి: మన దగ్గర ఈ డబ్బు మామూలుగా ముందుగా చేతికి రాదు. బేస్‌మెంటు అయ్యాక ఒక బిల్లు, గోడలు రూఫ్ లెవెల్‌కు లేచాక మరొకటి, శ్లాబు పడ్డాక ఇంకొకటి అన్నట్టు, పని జరిగిన తర్వాత ఫోటో తీసి జియో ట్యాగింగ్ చేశాకే, అంటే ఫోటోతో పాటు ఆ చోటును కూడా నమోదు చేశాకే, జమ అవుతుంది. అంటే మొదటి అంచె మొత్తం మన సొమ్ముతోనే నడవాలి. డబ్బు పడేది కూడా ఆధార్‌తో చివరిసారి అనుసంధానమైన ఖాతాలోనే. మా వీధిలో ఒకామెకు శ్లాబు బిల్లు రాలేదని మూడు నెలలు తిరిగాక తేలిందేమిటంటే, ఎప్పుడో గ్యాస్ రాయితీ కోసం తెరిచి మరిచిపోయిన ఇంకో బ్యాంకు ఖాతాలో అది భద్రంగా పడి ఉంది. ఆ మూడు నెలలూ మేస్త్రీ ఇంటి ముందు కూర్చోవడం, ఆమె పుస్తెలతాడు తాకట్టు పెట్టడం అన్నీ జరిగిపోయాయి. పునాది తీయక ముందే బ్యాంకులో ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉందో చూసుకుంటే ఈ తిప్పలు ఉండవు.

ఇళ్లు మధ్యలో ఆగిపోవడానికి నేను చూసిన అతి పెద్ద కారణం ప్రభుత్వ జాప్యం కాదు, పునాదిలో పెట్టిన ఆశ. రేపు పైన ఇంకో అంతస్తు వేసుకుంటామని తొమ్మిది పిల్లర్లు లేపి, హాలూ రెండు గదులూ గీసుకుని, బేస్‌మెంటుకే చేతి డబ్బు అంతా పోసిన ఇళ్లు ప్రతి ఊళ్లో నాలుగైనా కనిపిస్తాయి. ఊచలు తుప్పు పట్టి ఆకాశం చూస్తుంటాయి. ముందు 269 అడుగులే కట్టి శ్లాబు వేసుకోండి. పక్కన గది తర్వాత వేసుకోవచ్చు. ఇప్పటికే సగంలో ఆగినవారికి 2025 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, బీసీ కుటుంబాలకు 50,000, ఎస్టీలకు 75,000, ఆదిమ గిరిజనులకు 1,00,000 రూపాయల అదనపు సాయం ప్రకటించింది. అర్హత ఉండి ఇంకా పొందనివారు దాని గురించి విచారించుకోవాలి.

రేకులా శ్లాబా అని అడిగేవారికి, ముఖ్యంగా ఉద్దానం, టెక్కలి, భోగాపురం వైపు వారికి, నా జవాబు శ్లాబే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఏం చేశాయో ఇక్కడ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ రాత్రి రేకుల ఇళ్ల వారు ఊళ్లోని శ్లాబు ఇళ్లకు చేరి గోడలకు జేరగిలబడి తెల్లవార్లూ కూర్చున్నారు. అయితే తీరాన శ్లాబు వేసేవారు ఇంకో జాగ్రత్త పడాలి. ఉప్పునీటి బావి నీళ్లతో కాంక్రీటు కలిపినా, సముద్రపు ఇసుక కలిసినా, లోపలి ఇనుము కొన్నేళ్లకే ఉబ్బి, కింద పడుకున్న వారి మీద పెచ్చులు రాలుతాయి. మంచినీళ్ల ట్యాంకరుకు పెట్టే ఖర్చు దండగ కాదు. శ్లాబు పడిన తర్వాత కనీసం వారం పదిరోజులు తడపడానికి కూడా ఆ నీళ్లే వాడాలి.

మత్స్యకార కుటుంబాల్లో చాలామంది మోటారు పడవ ఉంటే ఇల్లు రాదని ఇంకా అనుకుంటున్నారు. గ్రామీణ పథకం కొత్త విడతలో ఆ షరతు తీసేశారు; ద్విచక్ర వాహనం, ఫ్రిజ్ ఉన్నా అనర్హత లేదు, నెల ఆదాయ పరిమితిని 10,000 నుంచి 15,000 రూపాయలకు పెంచారు. మెళియాపుట్టి, మందస కొండల్లోని సవర కుటుంబాలకైతే ఆదిమ గిరిజనుల కోసం 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకం కింద ఇంటికి 2,00,000 రూపాయలు ఇస్తారు కాబట్టి, మామూలు గ్రామీణ పథకం కంటే ముందు దాన్ని అడగాలి.

లేఅవుట్ స్థలం: పట్టా చేతికొచ్చాక వేసుకోవలసిన లెక్క

సొంత జాగా లేనివారికి గత కొన్నేళ్లలో దొరికిన పెద్ద అవకాశం ఇళ్ల స్థలాల పంపిణీ. పట్టణాల వారికి సెంటు, పల్లెల వారికి సెంటున్నర చొప్పున, ఇంటి ఇల్లాలి పేరున పట్టాలు ఇచ్చారు. విజయనగరం దగ్గరి గుంకలాంలో 2020 డిసెంబరు 30న 400 ఎకరాలకు కాస్త తక్కువ విస్తీర్ణంలో దాదాపు 12,000 స్థలాల లేఅవుట్‌ను అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి ప్రారంభించారు. ఆ తర్వాత వచ్చిన తెలుగుదేశం కూటమి పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామని హామీ ఇచ్చింది. ఆ తేడా చిన్నది కాదు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. అందులో ప్రామాణిక నమూనా ప్రకారం 340 అడుగుల ఇల్లు కడితే మిగిలేది 95 అడుగులు. నీళ్ల డ్రమ్ముకూ బట్టలు ఆరేసే తీగకూ సరిపోతుంది, మేకపిల్లను కట్టేయడానికి చాలదు.

ఇల్లాలి పేరున భూమి ఉండటం చాలా పెద్ద విషయమని నేను నమ్ముతాను. అది ఉంటే అత్తింట్లో మాట విలువ మారుతుంది, పిల్లలకు ఒక చిరునామా ఉంటుంది. అందువల్ల వచ్చిన పట్టాను వదులుకోమని ఎవరికీ చెప్పను. కానీ పట్టా తీసుకోవడం వేరు, కాపురం అక్కడికి మార్చడం వేరు. గంటస్తంభం దగ్గర కూరగాయలు అమ్ముకునే ఒక తల్లి నాతో కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టింది: తెల్లవారుజామున సరుకు కోసం రావాలి కాబట్టి ఆ వేళకు బస్సు లేదు, ఆటోకు రానూ పోనూ 60 రూపాయలు, నెలకు 26 రోజులు అంటే 1,560. అప్పటికి ఆమె కడుతున్న అద్దె 2,000. అద్దె మిగిలిందనుకున్న చోట ఆమెకు మిగిలేది 440 రూపాయలు, దానికి పిల్లవాడి బడి దూరం ఇంకా కలపలేదు. చివరకు ఆ స్థలంలో ఇల్లు కట్టుకుంది కానీ, కాపురం మాత్రం రెండేళ్ల తర్వాత, పెద్ద కొడుకు ఆ వైపు పనిలో కుదిరాకే మార్చింది. తెలివైన నిర్ణయమనే అనుకుంటాను.

లేఅవుట్‌ను మంచి ఎండలో వెళ్లి చూడవద్దు. ఒక పెద్ద వాన పడిన మర్నాడు వెళ్లండి. ఏ వరుసలో నీళ్లు నిలిచాయో, చెరువు గర్భమో మెరక పొలమో, రోడ్డు మట్టి బండి చక్రం కింద ఎంత దిగుతోందో అప్పుడు తెలుస్తుంది. కొళాయి నీళ్లు వచ్చే తేదీ గురించి హామీలు కాక, ఇప్పటికే కాపురం ఉన్నవారు బిందె ఎక్కడ నింపుతున్నారో చూడండి. పదిళ్లలో ఆరింటి ముందు ముగ్గు కనబడితే ఆ కాలనీ బతికినట్టే.

టిడ్కో ఫ్లాటు ఎవరికి సరిపోతుంది

విజయనగరంలో సారిపల్లి, సోనియానగర్ ప్రాంతాల్లో, శ్రీకాకుళంలో పాత్రునివలస దగ్గర కనిపించే నాలుగంతస్తుల వరుసలు టిడ్కోవి. వీటిలో 300, 365, 430 చదరపు అడుగుల మూడు రకాలు ఉన్నాయి. గత ప్రభుత్వ హయాంలో 300 అడుగుల ఇంటిని ఒక్క రూపాయికి ఇవ్వాలని నిర్ణయించారు. 365 అడుగులకు లబ్ధిదారు వాటా 50,000 నుంచి 25,000 రూపాయలకు, 430 అడుగులకు లక్ష నుంచి 50,000 రూపాయలకు తగ్గించారు. పెద్ద ఇళ్ల రెండింటికీ వాటా కాక బ్యాంకు రుణం కూడా ఉంటుంది: 365 అడుగులకు 3,15,000, 430 అడుగులకు 3,65,000.

వాయిదా భరించగల జీతం ఉన్నవారు కూడా సంతకానికి ముందు లెక్క వేసుకోవాలి. 3,15,000 రూపాయలను 9 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 2,834 రూపాయలు కట్టాలి. అద్దె అంతకంటే ఎక్కువ కడుతున్న షాపు గుమాస్తాకో ఆసుపత్రి ఆయాకో ఇది మంచి బేరం. కూలి రోజు దొరికి రోజు దొరకని వారు మాత్రం 300 అడుగుల ఇంటికే పరిమితం కావాలి, లేదా సొంత స్థలం దారి చూసుకోవాలి. ఇంకొక మాట గట్టిగానే చెబుతున్నాను: తాళం చేతికి రాకుండా రుణం మొదలు కానివ్వవద్దు. ఇల్లు అప్పగించక ముందే వాయిదాల నోటీసులు అందుకున్న లబ్ధిదారులు రాష్ట్రంలో చాలామంది ఉన్నారు.

కట్టుబడి విషయంలో ఈ ఇళ్లకు వంక పెట్టలేం. ఇటుక గోడ కాకుండా మొత్తం కాంక్రీటుతో షియర్ వాల్ పద్ధతిలో పోసినవి కాబట్టి గాలివానకు నిలుస్తాయి. అదే కారణంగా, కిటికీ పెద్దది చేసుకుంటామనో గూడు తవ్వుతామనో గోడ కొట్టకూడదు; ఆ గోడే పై మూడు ఇళ్ల బరువు మోస్తోంది. అసలు చిక్కు బతుకుతెరువుతో వస్తుంది. తోపుడు బండి ఎక్కడ పెట్టాలి, అప్పడాలు ఎక్కడ ఆరబెట్టాలి, మోకాళ్ల నొప్పుల ముసలమ్మ లిఫ్టు లేని మూడో అంతస్తు ఎలా ఎక్కాలి? నేల మీద చేసే పని ఉన్నవారికి ఫ్లాటు ఎంత దగ్గరైనా ఇరుకే. పనికి బయటికి వెళ్లి రాత్రికి ఇంటికి చేరే కుటుంబానికైతే, దూరపు లేఅవుట్‌లోని స్థలం కంటే ఊరిని ఆనుకుని ఉన్న ఫ్లాటునే ఎంచుకోమంటాను.

నాలుగో దారి, వడ్డీ రాయితీ, నెలనెలా కచ్చితమైన జీతం వచ్చేవారి కోసం. అర్బన్ రెండో దశలో ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి, 35 లక్షల లోపు విలువైన ఇంటికి తీసుకున్న 25 లక్షల లోపు రుణంలో మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. ఐదు వార్షిక వాయిదాల్లో గరిష్ఠంగా 1,80,000 రూపాయలు. ఈ వ్యాసం చదివే పేద కుటుంబాల్లో ఎక్కువమందికి బ్యాంకు ఆ రుణమే ఇవ్వదు కనుక దీని గురించి ఇంతకంటే చెప్పను.

హైదరాబాద్‌కో చెన్నైకో వలస వెళ్లే కుటుంబాలు మన జిల్లాల్లో ఎక్కువ. ఏడాదికి తొమ్మిది నెలలు ఊళ్లో ఉండని వారికి ఇల్లెందుకని కొందరు అధికారులు అంటుంటారు. నేను ఒప్పుకోను. ముసలివాళ్లు, చదువుకునే పిల్లలు ఆ ఇంట్లోనే ఉంటారు. పండగకు వచ్చినప్పుడు పడుకునేదీ అక్కడే. అయితే అలాంటి వారు లేఅవుట్‌లో కట్టరాదు. మనుషులు మసలని కాలనీలో తాళం వేసిన ఇంటి కిటికీలు, మోటారు, వైర్లు నిలవవు. ఊళ్లో జాగా ఉంటేనే కట్టుకోవాలి.

ప్రభుత్వ సొమ్ము ఎటు పోవాలన్నదీ ఇక్కడే తేలుతుంది. లేఅవుట్‌లో ఇంటికిచ్చే సాయం ఒక్కటే కనిపిస్తుంది కానీ, భూమి కొనుగోలు, మెరక చేయడం, రోడ్లు, నీటి గొట్టాలు, కరెంటు అన్నీ విడిగా ప్రజల సొమ్ముతోనే జరగాలి, అవి పూర్తయ్యేవరకు ఇల్లు ఖాళీగానే ఉంటుంది. అదే సొమ్ములో కొంత, ఉన్నచోటే కట్టుకునేవారికి మొదటి అంచె ముందుగా ఇవ్వడానికి వాడితే ఎక్కువ ఇళ్లలో దీపం వెలుగుతుందని నా అభిప్రాయం.

జాగా లేదు, చిరునామా లేదు

నేను మొదట వేసిన రెండు ప్రశ్నలకూ జవాబు లేని మనుషులు రైల్వే స్టేషను ఆవరణలో, ఆర్టీసీ కాంప్లెక్సు అరుగుల మీద, గుడి మెట్ల దగ్గర పడుకుంటారు. 2011 జనగణన దేశంలో ఇలాంటి వారిని 17.7 లక్షల మందిగా లెక్కించింది. పాకలోనో గుడారంలోనో ఉన్నవారు ఆ లెక్కలోకి పూర్తిగా రారు. వీరికి ఆవాస్ యోజన దరఖాస్తు చేతిలో పెట్టడం వల్ల ఉపయోగం లేదు, ఎందుకంటే దానికి కావలసిన ఆధార్, రేషన్‌కార్డు, బ్యాంకు ఖాతా వారి దగ్గర ఉండవు.

వీరికి ముందు కావలసింది పట్టణ నిరాశ్రయుల ఆశ్రయ కేంద్రం. సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత రూపొందిన పథకం ప్రకారం లక్ష జనాభాకు ఒక శాశ్వత కేంద్రం, ఒక్కొక్కరికి కనీసం 50 చదరపు అడుగుల చోటు, ఏడాది పొడవునా రాత్రింబవళ్లు ప్రవేశం ఉండాలి. లక్ష దాటిన శ్రీకాకుళానికి, రెండు లక్షలు దాటిన విజయనగరానికి ఈ లెక్క వర్తిస్తుంది. ఎవరినైనా అక్కడికి పంపేటప్పుడు మంచం ఉందా అని మాత్రమే కాక మూడు విషయాలు అడగండి: ఆడవారికి విడిగా చోటు ఉందా, భార్యాభర్తలనూ పిల్లలనూ విడదీయకుండా ఉంచుతారా, మూట దాచుకోవడానికి తాళం ఉన్న పెట్టె ఇస్తారా. మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఉన్న ఒక్క సంచీ పోతుందన్న భయంతోనే చాలామంది అరుగు వదిలి లోపలికి రారు. ఆ పెట్టెలో మొదట పడవలసింది ఆధార్ కార్డు. కేంద్రం చిరునామా మీదే దాన్ని ఇప్పించాలని మార్గదర్శకాల్లో ఉంది, నిర్వాహకులను దాని గురించి గట్టిగా అడగవచ్చు. ఆ కార్డు వచ్చాక రేషన్‌కార్డు, బ్యాంకు ఖాతా, ఆ తర్వాత పైన చెప్పిన దరఖాస్తుల్లో ఒకటి, అదే వరుసలో.